మౌనానికి టిక్కీలు

రండి, ఇలా దగ్గరికి జరగండి. చాప మీద ఇంకా చోటుంది. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. నేనిప్పుడు ఒక ఘోరం చెప్పబోతున్నాను. దొంగతనం కాదు, కొట్లాట కాదు, వాటికన్నా పెద్దది. ఒక చదువుకున్న మనిషి ఆరు నెలలు తిండి మరిచి వేసిన బొమ్మను, నేను ఒక్క మధ్యాహ్నంలో పెళ్ళిబట్ట చేసి పెట్టాను. అదీ ఎంతో ప్రేమగా, ఎంతో శ్రద్ధగా. చెడగొట్టాలని కూర్చుని ఉంటే సగమే చెడగొట్టేదాన్నేమో. మంచిగా చేద్దామని కూర్చున్నాను కాబట్టి పూర్తిగా అయిపోయింది.

ఇది ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. మా ఆయన మల్లేశం అప్పటికే సూరత్‌లో ఒక ప్రింటు మిల్లులో రంగుల దగ్గర పనిచేస్తున్నాడు. మా ఇల్లు పర్వత్ పాటియాలో, మూడో అంతస్తు, ఒక గది, ఒక కిటికీ. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను బీడీలు చుట్టాను. ఇక్కడికొచ్చాక ఒళ్ళోంచి తునికాకు పోయి చీర వచ్చింది. పొద్దున్నే చీరల మూట వచ్చేది. వాటికి టిక్కీలు, అంటే మెరిసే చిన్న చిన్న రాళ్ళు, గమ్ముతో అంటించాలి. ఎక్కడ అంటించాలో మనం ఆలోచించక్కర్లేదు. చీర మీద ముందే సుద్దతో తెల్ల చుక్కలు పెట్టి పంపుతారు. చుక్క కనబడితే రాయి పెట్టాలి. అంతే మా చదువు, అంతే మా పరీక్ష.

నాలుగేళ్ళు ఆ పని చేశాక మనిషి బుర్ర ఎలా అవుతుందో మీకు తెలియదు. నిద్రలో కూడా చుక్కలే. ఒకసారి గోడకు సున్నం వేస్తుంటే మా ఆయన నల్ల చొక్కా మీద మూడు చుక్కలు పడ్డాయి. నేను చూసుకోకుండా ఆ మూడింటికీ టిక్కీలు పెట్టేశాను. ఆ మనిషి మిల్లులో రోజంతా పెళ్ళికొడుకులా మెరుస్తూ తిరిగి, సాయంత్రం వచ్చి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు.

వారానికోసారి నేను బస్సెక్కి తాపీ నది దాటి అడాజన్ వెళ్ళేదాన్ని. అక్కడి ఫ్లాట్లలో మన తెలుగువాళ్ళు కొందరున్నారు. వాళ్ళ చీరలకు ఫాల్ కుట్టి ఇచ్చేదాన్ని. ఏడో అంతస్తులో వాసంతి మేడమ్ ఉండేది. ఆమెది విజయవాడ వైపు. భర్త హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు, పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే గడియారం కూడా కాస్త సిగ్గుపడుతూ నడిచేది. నేను గడపలో చెప్పులు విడవడంతోనే నోరు తెరిచేదాన్ని. మళ్ళీ చెప్పులు తొడుక్కునేదాకా మూసేదాన్ని కాదు. ఆమె టీ పెట్టి, ఎదురుగా కూర్చుని, చెంపకు చెయ్యి పెట్టుకుని వినేది. పాపం, ఒక్కోసారి ఆమెకూ ఏదో చెప్పాలని ఉండేది కాబోలు. నేను సందిస్తే కదా.

ఆ బుధవారం ఆమె ఒక గుడ్డసంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"రాజేశ్వరీ, ఇది మాత్రం జాగ్రత్తగా విను."

"వింటున్ననమ్మా, చెప్పుండ్రి. మొన్న మా దిక్కు నీళ్ళ మోటరు కాలిపాయె..."

"సంచిలో రెండున్నాయి. చుక్కలు పెట్టినదానికి రాళ్ళు అంటించాలి. అది నా చున్నీ..."

"మూడో అంతస్తు దాకా బిందెలు మోసుడేనమ్మా! నా నడుము చూడుండ్రి, ఎట్ల వంకరపోయిందో."

"...రెండోదానికి పైన కర్ర దూరేలా గొట్టంలాగా మడిచి కుట్టు. ఆదివారం గోడకు వేలాడదీయాలి. ప్రాణం పెట్టి వేశాను రాజేశ్వరీ."

"ప్రాణమా! మోటరు బాగయ్యేదాక మాకు పానం పోయినంత పనైందమ్మా."

పెళ్ళయ్యాక ఆమె కుంచె పట్టడం అదే మొదలనీ, ఆదివారం పక్క వీధి హాలులో బొమ్మలు పెడుతున్నారనీ, ఎంతో బతిమాలితే ఒక్క గోడ ఇచ్చారనీ, ఆ గోడ మీద తన బొమ్మ నిలబడకపోతే ఇక కుంచె ముట్టుకోనని మనసులో అనుకుందనీ, ఇదంతా కూడా ఆమె అప్పుడే చెప్పిందట. నా చెవులు మోటరు దగ్గరున్నాయి. నేను పట్టుకున్నవి రెండే మాటలు: చుక్కలున్నదానికి రాళ్ళు, లేనిదానికి కర్ర గొట్టం.

ఇక బస్సు సంగతి. ఆ సాయంత్రం ఎంత రద్దీ అంటే, ఎక్కినప్పుడు ఎలా నిలబడ్డానో దిగేదాకా అలాగే ఉన్నాను. సంచిని పసిపిల్లలాగా గుండెకు హత్తుకున్నాను. ఒకవైపు ఎవరిదో కూరగాయల బుట్ట, ఇంకోవైపు ఎవరిదో మోచెయ్యి. గంటసేపు ఆ సంచి నలిగిన నలుగుడుకు, మేడమ్ చున్నీ మీద సుద్దతో ఎంతో ఓపికగా పెట్టుకున్న చుక్కలన్నీ రాలి, సంచి అడుగున తెల్లపొడి అయ్యాయి. ఆ పొడి నేను చూశాను కూడా. ఏమనుకున్నానో తెలుసా? ముగ్గుపిండి అనుకుని దులిపేశాను.

మర్నాడు మధ్యాహ్నం చేతిలో చీరల పని అయ్యాక సంచి విప్పాను. ఒకటి పలచని నీలం బట్ట, మీద ఏమీ లేదు. కర్ర గొట్టం కుట్టాలంటే ఇది కిటికీ పరదా. అనుమానమే లేదు. పది నిమిషాల్లో మిషన్ మీద కుట్టి పారేశాను.

రెండోది విప్పేసరికి నా చెయ్యి ఆగింది.

మందపాటి కోరాబట్ట. దాని నిండా నీలం. ఒక నీలం కాదు. పై అంచున తెల్లారకముందు ఆకాశం రంగు. కిందికి వచ్చేకొద్దీ చిక్కబడి, బావిలోకి తొంగి చూస్తే అడుగున కనిపించే రంగు. ఒక మూల తునికాకు ఎండినప్పటి గోధుమరంగు, నలుచదరంగా, చిన్న తలుపులాగా. బట్ట నిండా అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల చుక్కలు.

చుక్కలు!

అప్పుడే పక్కింటి హంసాబెన్ గిన్నెలో ఏదో కూర పట్టుకుని వచ్చింది. గుజరాతీ మనిషి, నాతో హిందీలో మాట్లాడుతుంది. బట్ట చూసి గిన్నె కింద పెట్టేసింది.

"అరే రాజుబెన్! యే తో నవరాత్రి కా ఘాఘ్రా హై!"

నవరాత్రులకు ఆడవాళ్ళు కట్టుకుని గర్బా ఆడే, గుండ్రంగా విచ్చుకునే పెద్ద ఘేరు పావడా అన్నమాట. ఆ పండుగకు ఇంకా పదిహేను రోజులున్నాయి. బట్ట కూడా అంత మందంగానే ఉంది.

"ఇత్నా బడా ఘేర్! మేడమ్ నాచేగీ క్యా?" అని నవ్వింది హంసాబెన్.

మేడమ్ నాట్యం సంగతి నాకు తెలియదు కానీ, నా మనసు మాత్రం అప్పుడే గర్బా ఆడేసింది. ఎప్పుడూ మాట్లాడని ఆ తల్లి నవరాత్రుల్లో ఈ నీలం పావడా కట్టుకుని గిర్రున తిరుగుతుంటే ఎలా ఉండాలి! మామూలు టిక్కీలు పెడతానా? మూటల్లోవి పక్కన పెట్టి, నా పెట్టెలో నా కోసం దాచుకున్న పెద్ద రాళ్ళు తీశాను. వజ్రాల ఊళ్ళో ఉన్నాం కదా, వరాఛాలో వజ్రాలకు సాన పట్టేవాళ్ళు చూసినా ఒక్క క్షణం ఆగిపోవాలనుకున్నాను.

కూర్చున్నాను. ఒక చుక్క, ఒక బొట్టు గమ్ము, ఒక రాయి.

ఇక్కడే ఒక వింత జరిగింది, నవ్వకుండా వినండి. నేను పనిచేస్తూ మాట్లాడతాను. ఎవరూ లేకపోతే గోడతో మాట్లాడతాను, గోడ వినకపోతే పాడతాను. ఆ రోజు మాట రాలేదు. నీలంలో వేలు పెడుతున్నకొద్దీ ఏదో నెమ్మది లోపలికి దిగుతూ వచ్చింది. కింద వీధిలో టెంపోల మోత దూరమైపోయింది. మా మిల్లుల పొగలో ఇంత నీలం ఎక్కడ దాక్కుందబ్బా అనిపించింది. ఆ మూలనున్న గోధుమరంగు తలుపు తీసుకుని ఎవరో వస్తారని, రాగానే పలకరించాలని, అలా చూస్తూ ఉండిపోయాను. ఏడుపు కాదు, సంతోషమూ కాదు. నీళ్ళలో నిండా మునిగి కళ్ళు తెరిస్తే చెవుల్లో ఒక హోరు ఉంటుంది చూడండి, అలాంటిది. ఆ హోరులోనే నా వేళ్ళు వాటి పని అవి చేసుకుంటూ పోయాయి.

ఐదింటికి మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు.

"ఏమే, చాయ్ పెట్టినవా?"

నేను పలకలేదు.

"ఏందే, జరమొచ్చిందా?" నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఊరికెల్లి ఫోన్ గిట్ల వచ్చిందా? ఎవలకన్న ఏమన్న అయ్యిందా? మాట్లాడవేందే, నాకు బయమైతున్నది!"

నేను బట్ట వైపు చెయ్యి చూపించాను. ఆయన చూశాడు. రంగుల దగ్గర పనిచేసే మనిషి కదా, ముందు వంగి, తర్వాత గొంతుక్కూర్చుని చూశాడు.

"గీ నీలం మా మిల్లుల రాదే. ఏం కలిపిన్రో." తర్వాత చేతి అలవాటు కొద్దీ బట్ట అంచు పట్టుకుని తిరగేశాడు. సూరత్‌లో బట్ట తెలిసినవాడెవడైనా అంతే. ముందు కాదు, వెనక చూస్తాడు. రంగు ఎంత లోతుకు దిగిందో ఉల్టా చెబుతుంది. "ఉల్టా సుత మస్తు దిగింది," అని తల ఊపి, చాయ్ తనే పెట్టుకున్నాడు.

నా వేళ్ళ కింద చివరి రాయి పడింది. నూట నలభై మూడు. ఒక్క చుక్క వదల్లేదు. బట్ట ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాను. గది గదంతా దీపావళి.

శనివారం మా ఆయనకు సెలవు. "గిసొంటి పనితనం మేడమ్ మెచ్చుకుంటుంటె నేను సుత చూడాలె," అని ఆయనా వెంట వచ్చాడు. పాపం, చూశాడు.

మేడమ్ ముందు చున్నీ మడత విప్పింది. "ఇదేమిటి రాజేశ్వరీ, దీనికి గొట్టం కుట్టావేం?"

"కర్ర దూరుతదమ్మా. చెయ్యి పెట్టి చూసుకోండ్రి, ఎంత సాఫుగ ఉన్నదో!"

"ఇది నేను భుజాన వేసుకునేది. కర్ర దూర్చుకుని ఎక్కడికి వెళ్ళను?" అంది. అంటూనే ఆమె ముఖంలో రంగు మారింది. "అయితే... రెండోది?"

నేను గర్వంగా రెండోది పరిచాను.

బాల్కనీలోంచి ఎండ పడుతోంది. నూట నలభై మూడు రాళ్ళూ ఒక్కసారి కళ్ళు తెరిచాయి. పైకప్పు మీద, గోడల మీద, ఫ్రిజ్ మీద, మా ఆయన బట్టతల మీద వెలుగు చుక్కలు ఈదుతూ తిరిగాయి. మేడమ్ నిలబడ్డచోటే నేల మీద కూర్చుంది.

"బాగుంది గదమ్మా? నవరాత్రికి గిట్ల కట్టుకోని తిరుగుతుంటే..."

"ఇది బొమ్మ, రాజేశ్వరీ."

"బొమ్మనా? యాడున్నదమ్మా బొమ్మ? మనిషి లేడు, చెట్టు లేదు, పిట్ట లేదు..."

"మనసులో ఉన్నదాన్ని రంగుతో చెప్పడం. దాని పేరు మౌనం."

నేను బట్ట మీదికి వంగాను. "మరి గా తెల్ల చుక్కలేందమ్మా?"

"అవి రంగు వేయకుండా వదిలేసిన చోట్లు. ఈ ఇంట్లో నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాటలు. ఒక్కో చుక్క ఒక్కో మాట." ఒక రాయిని వేలితో తాకింది. "నేను మౌనం వేశాను. నువ్వు దానికి బ్యాండు మేళం పెట్టావు."

చెప్పకూడని మాట ఒకటే ఉంది, అదే చెప్పాను. "నూట నలభై మూడమ్మా. ఒక్కటి సుత ఇడువలే."

రాళ్ళు పీకేద్దామని గోరు పెట్టాను. నా గమ్ము సంగతి నాకు తెలుసు, చీర చిరగాలి కానీ రాయి రాదు. ఒక్కటి ఊడింది. దాంతో పాటు దారప్పోగు, నీలం పొర కూడా లేచొచ్చాయి. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దులే. వాళ్ళకు ఫోన్ చేసి ఆ గోడ ఇంకెవరికైనా ఇచ్చేయమంటాను." ఆ మాట ఎంత మెల్లగా అందంటే, తిట్టినా బాగుండేది.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒక్క మాట చెప్త. గా బట్టల ఏమున్నదో నాకు తెల్వది గని, మొన్న నేనొచ్చినంక సుత ఈమె దాని ముంగట కూసోని గంటన్నర మాట్లాడలే."

మేడమ్ తల ఎత్తింది. "ఎవరు?"

"గీమెనే."

"రాజేశ్వరా? గంటన్నరా?"

"నేను డాక్టర్ దగ్గరికి తోల్కపోదామనుకున్న."

ఆమె నన్ను చూసింది. నేను ఆ రోజు నాకు అనిపించిందంతా చెప్పాను. బావి అడుగు, చెవుల్లో హోరు, తునికాకు తలుపు తీసుకుని ఎవరో వస్తారనిపించడం. చెబుతుంటే ఆమె కళ్ళు కొంచెం వెడల్పయ్యాయి. "ఆ మూల తలుపు నీకు కనిపించిందా?" అంది. చేతిలోకి తీసుకున్న ఫోన్ పక్కన పెట్టింది.

నేను బట్టనే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన చేతి అలవాటు గుర్తొచ్చింది. చటుక్కున లేచి దాన్ని తిరగేశాను.

ముగ్గురం దాని మీదికి వంగాం. కోరాబట్ట కదా, రంగు వెనక్కి దిగింది. అదే నీలం, కానీ మంచులోంచి చూసినట్టు, కల మర్చిపోతున్నప్పుడు చివర మిగిలినట్టు. చుక్కలున్న చోట గమ్ము ఇంకి, ఒక్కో చుక్క చుట్టూ పలచని వలయం. వానకు ముందు చంద్రుడి చుట్టూ కనిపించే గుడిలాగా.

"అమ్మా, గిట్ల తిప్పి కడితె..."

మేడమ్ చాలాసేపు చూసింది. "సూది ఉందా?" అని మాత్రం అడిగింది.

అక్కడే కూర్చుని కర్ర గొట్టం చేత్తో కుట్టాను. ఒక్క మాట మాట్లాడకుండా.

"రేపు నువ్వూ రావాలి," అంది ఆమె. "కానీ హాల్లో నోరు తెరవకూడదు."

ఒట్టేశాను.

ఆదివారం హాల్లో ఆమెకిచ్చిన గోడ మీద ఆ నీలం ఉల్టా వేలాడింది. రాళ్ళన్నీ గోడవైపు. కింద చిన్న అట్టముక్క మీద పేరు. జనం వచ్చి దాని ముందు ఆగుతున్నారు, గొంతు తగ్గించుకుంటున్నారు. ఒక ముసలమ్మ కుర్చీ అడిగి తెప్పించుకుని కూర్చుంది. మేడమ్ చేతులు నలుపుకుంటూ ఒక మూల నిలబడింది. నేను పెదాలు లోపలికి మడుచుకుని ఇంకో మూల. అంతా చక్కగా గడిచిపోయేది.

పదకొండింటికి ఒక శేఠ్ వచ్చాడు. తెల్లచొక్కా, పెద్ద పొట్ట, చీరల వ్యాపారం మనిషని నడకలోనే తెలుస్తోంది. అన్ని బొమ్మలూ నాలుగు అంగల్లో చూసేసి మేడమ్ బొమ్మ దగ్గర ఆగాడు. ఇది బట్ట! ఆయన ముఖం వెలిగింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి అంచు నలిపి చూశాడు. ఆ వేళ్ళు తర్వాత ఏం చేస్తాయో సూరత్‌లో నాకన్నా ఎవరికి తెలుసు? అరుద్దామంటే ఒట్టు. చేతులూపాను, తల అడ్డంగా తిప్పాను, గాలిలో వద్దు వద్దని రాశాను. ఆయన నేను నమస్కారం పెడుతున్నాననుకుని తిరిగి నమస్కారం పెట్టాడు. పెట్టి, తిరగేశాడు.

హాలు గోడల మీద వెలుగు చుక్కలు పరుగెత్తాయి.

"అరే భాయీ! సీధా తో ఇధర్ హై!" అని శేఠ్ గావుకేక. "ఉల్టా టాంగ్ దియా!" అసలువైపు ఇటుంటే తిరగేసి తగిలించారని ఆయన బాధ. పాపం మంచి మనిషి, ఎవరో తెలియక చేసిన తప్పు దిద్దుదామని కర్ర మీద చెయ్యి వేశాడు కూడా.

ఒట్టు అక్కడే ఊడింది. "హాత్ మత్ లగావ్ శేఠ్!" అని, చెయ్యి వేయొద్దని, నేను పెట్టిన కేకకు ముసలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. జనం నాలుగు మూలల నుంచీ మూగారు. శేఠ్ తొణకలేదు. రాళ్ళ మీద వేలు రాసి, నా వైపు చూసి అడిగాడు: "బెన్, మహీనే మే కిత్నా పీస్ బనేగా?"

నెలకు ఇలాంటి మౌనాలు ఎన్ని తయారవుతాయని అడుగుతున్నాడు!

నేను భయం భయంగా మేడమ్ వైపు తిరిగాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ చున్నీ ఏదనుకున్నారు? గొట్టం కుట్టినదే. నవ్వి నవ్వి ఆ గొట్టంతోనే కళ్ళు తుడుచుకుంది. అన్నేళ్ళలో ఆమె గొంతు అంత పెద్దగా వినడం నాకదే మొదలు.

తర్వాత ఆమె హాలు వాళ్ళను అడిగి, బొమ్మను గోడ మీంచి తీయించి, హాలు నడుమ పైకప్పు కొక్కేలకు కట్టించింది, రెండువైపులా కనబడేలా. ఇంకో అట్టముక్క తీసుకుని ఏదో రాసి రాళ్ళవైపు తగిలించింది. తెలుగులో రాసింది. ఆ హాల్లో అది చదవగలిగేవాళ్ళం మేమిద్దరమే. నేను చదివింది మూడో తరగతి. దగ్గరికెళ్ళి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను.

ఉల్టా వైపు 'మౌనం' అని ఉంది. రాళ్ళ వైపు 'రాజేశ్వరి వచ్చిన రోజు' అని ఉంది.

"అమ్మా," అన్నాను, "ఇంతకు ఏది సీధా, ఏది ఉల్టా?"

"నాకూ తెలియదు," అంది. "బుధవారం త్వరగా రా. ఈసారి నేను చెబుతాను, నువ్వు వినాలి."

ఆ తర్వాత ఆమె మళ్ళీ కోరాబట్ట కొన్నది. ఇప్పటికీ కొంటూనే ఉంది. సంచి ఇచ్చేటప్పుడు మాత్రం పైన పెద్ద అక్షరాలతో రాసిస్తుంది, 'చూడ్డానికి' అనో, 'కట్టుకోవడానికి' అనో.

నేను కూడా ఆ రోజు తాపీ వంతెన మీద బస్సు ఆపించినంత పనిచేసి, నది వైపు చెయ్యి చాపి ప్రమాణం చేశాను. ఇక నా ఒంట్లో ఊపిరున్నంత కాలం, ఏ బట్టనైనా సరే, భుజాన వేసి చూసి, ఉల్టా తిప్పి చూసి, దీనికేమన్నా మనసుందా అని మూడుసార్లు అడిగి, జవాబు రాకపోతేనే గమ్ము మూత తీస్తాను. ఈ ప్రమాణం తప్పితే నా టిక్కీలన్నీ నా నోటికే అంటుకోవాలి. అప్పుడు మా ఆయన ఒక్కడే సంతోషిస్తాడు.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గోడల మీద ఎండ పడాలి, మీ వాకిట్లో చెప్పుల జతలు పెరగాలి. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు దొరకాలి, ఎంత నెమ్మదైన ఇంటికైనా వారానికోసారి ఒక వాగుడుకాయ రావాలి.

లేచేముందు చాప దులుపుకోండి. ఒకటి రెండు టిక్కీలు అంటుకునే ఉంటాయి.